బంతి వలకు ఎందుకు తగులుతుంది?



గోదావరికి అవతల, దుమ్ముగూడెం వైపు అడవి అంచున ఉన్న ఒక గూడెం నుంచి ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి పోయిన నెల నాకొక ఉత్తరం రాసింది. ఆ ఉత్తరం ఇది:

"మాస్టారూ, నేను మా బడిలో వాలీబాల్ ఆడతాను. మా జట్టులో అందరికన్నా ఎత్తుగా ఎగురుతాను. కాని షాట్ కొడితే బంతి వలకు తగులుతుంది. వలకు తగలకపోతే గీత దాటి అవతల పడుతుంది. ఇంకా ఆరు వారాల్లో భద్రాచలంలో పోటీలున్నాయి. 'నీ చేతిలో బలం లేదు, నువ్వు ఎప్పుడూ వెనకాలే నిలబడు' అంటున్నది మా కెప్టెనక్క. మా అమ్మేమో, 'జట్టులో లేకపోతే సాయంత్రాలు తొందరగా ఇంటికి రా, తమ్ముణ్ణి చూసుకో' అన్నది. నా చేతికి బలం ఎట్లా వస్తుంది?"

చూశారా, ఒక్క షాట్ వెనక ఎన్ని సంగతులున్నాయో! ఈ అమ్మాయికి జవాబు చెబితే మీలో చాలామందికి చెప్పినట్టే అవుతుంది. అందుకని ఈ నెల పేజీ అంతా ఆ అమ్మాయికే ఇస్తున్నాను.

ముందుగా ఒక మాట. బిడ్డా, నీ చేతికి బలం తక్కువై బంతి వలకు తగలడం లేదు. నువ్వు రాసిన దాంట్లోనే రోగం కనిపిస్తున్నది. ఒకసారి వలకు, ఒకసారి గీత అవతలికి అన్నావు. బలం తక్కువైన చేయి బంతిని గీత దాటించగలదా? దాటించలేదు గదా! కనక లోపం బలంలో లేదు, వేళలో ఉన్నది. వేళతో పాటు మణికట్టులో ఉన్నది. ఈ రెండూ ఎవరైనా నేర్చుకోగలిగినవే.

ఈ షాట్ ఎక్కడ పుట్టింది?

వాలీబాల్‌ను 1895 లో అమెరికాలోని హోలియోక్ అనే ఊళ్ళో విలియం మోర్గాన్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు కల్పించాడు. పని చేసి అలసిన పెద్దవాళ్ళకు ఒళ్ళు నొప్పి లేని ఆట ఒకటి కావాలని ఆయన ఉద్దేశం. అప్పుడు వల ఎత్తు ఆరడుగుల ఆరంగుళాలే. బంతిని అటూ ఇటూ మెల్లగా తట్టుకుంటూ ఆడేవారు. ఒకరు బంతిని ఎత్తి ఇవ్వడం, మరొకరు ఎగిరి దాన్ని కిందికి కొట్టడం అనే పద్ధతి 1916 ప్రాంతంలో ఫిలిప్పైన్స్ దీవుల్లో బయలుదేరింది. అంటే మనం ఇవాళ షాట్ అనీ, స్పైక్ అనీ పిలిచేది ఆసియా ఖండం వాళ్ళు ఆ ఆటకు ఇచ్చిన కానుక అన్నమాట.

1964 లో టోక్యోలో ఈ ఆట మొదటిసారి ఒలింపిక్ క్రీడల్లో చేరింది. మన దేశపు జట్టు ఆసియా క్రీడల్లో 1958 లో కాంస్యం, 1962 లో రజతం, 1986 లో మళ్ళీ కాంస్యం గెలిచింది. మన తెలుగునేల ఇందులో వెనకబడలేదు. హైదరాబాదుకు చెందిన అబ్దుల్ బాసిత్ 1989 సంవత్సరానికి అర్జున పురస్కారం పొందాడు. అరికపూడి రమణారావు ఆటగాడిగా అర్జున పురస్కారాన్నీ, శిక్షకుడిగా ద్రోణాచార్య పురస్కారాన్నీ కూడా అందుకున్నాడు.

మన అడవి పల్లెల్లో ఈ ఆట ఇంతగా నిలవడానికి కారణం సులభమే. రెండు వెదురు గడలు, ఒక వల, ఒక బంతి ఉంటే చాలు. సాయంత్రం పశువులు ఇల్లు చేరే వేళకు పన్నెండు మంది ఆడుకోవచ్చు. ఇంత తక్కువ ఖర్చుతో ఇంతమందిని ఎగిరించే ఆట మరొకటి అరుదు.

గాలిలో ఆగడం నిజమేనా?

కేరళకు చెందిన జిమ్మీ జార్జ్ అనే గొప్ప ఆటగాడు ఉండేవాడు. 1986 లో కాంస్యం గెలిచిన జట్టులో ఆయన కూడా ఉన్నాడు. ఆయన ఎగిరితే గాలిలో కాసేపు ఆగినట్టు కనిపించేదని చూసినవాళ్ళు చెప్పుకుంటారు. మనిషి గాలిలో ఆగగలడా? ఆగలేడు. కాని ఆగినట్టు కనిపించడానికి కారణం ఉన్నది. అదేమిటో లెక్క వేసి చూద్దాం.

మన అమ్మాయి 44 సెంటీమీటర్లు ఎగిరిందనుకోండి. నేల విడిచి శిఖరం చేరడానికి ఆమెకు సుమారు 0.3 సెకండ్లు పడుతుంది. దిగడానికి మరొక 0.3 సెకండ్లు. మొత్తం 0.6 సెకండ్లు. పైకి పోయేకొద్దీ వేగం తగ్గుతుంది గదా! కనక శిఖరం దగ్గర ఎక్కువసేపు గడుస్తుంది. పైనున్న 11 సెంటీమీటర్లలోనే, అంటే ఎగిరిన ఎత్తులో నాలుగో వంతులోనే, సగం సమయం, అంటే 0.3 సెకండ్లు గడిచిపోతుంది. అదే మన కళ్ళకు ఆగినట్టు కనిపిస్తుంది.

ఆ 0.3 సెకండ్లే కొట్టే వేళ. అంతకు ముందు ఎగిరితే, బంతి వచ్చేసరికి నువ్వు దిగుతూ ఉంటావు. చేయి వల ఎత్తుకు జారిపోయి ఉంటుంది. బంతి వలకు తగులుతుంది. తొందరపడి బంతి కిందికి పరుగెత్తావా, బంతి నీ తల వెనక్కు పోతుంది. అప్పుడు దాన్ని అడుగు నుంచి కొట్టక తప్పదు. అది గీత దాటి పడుతుంది. నీ రెండు తప్పులకూ తల్లి ఒకటే, తొందర.

గట్టిగా కొడితే చాలదా?

ఇంకో లెక్క. పెద్ద ఆడవాళ్ళ పోటీల్లో వల ఎత్తు 2.24 మీటర్లు, మగవాళ్ళకు 2.43 మీటర్లు. వల నుంచి వెనక గీతకు 9 మీటర్లు. నువ్వు వలకు ఒక మీటరు ఇవతల, వలకన్నా 20 సెంటీమీటర్లు పైన బంతిని అందుకుని, నేలకు సమంగా ముందుకు కొట్టావనుకో. బంతి నేలకు చేరడానికి సుమారు 0.7 సెకండ్లు పడుతుంది. మెల్లగా కొట్టినా, గట్టిగా కొట్టినా ఆ సమయం మారదు. సెకండుకు 10 మీటర్ల వేగంతో కొడితే 7 మీటర్ల దూరంలో పడుతుంది, లోపలే. 20 మీటర్ల వేగంతో కొడితే 14 మీటర్ల దూరంలో పడుతుంది. నీకున్న చోటు 10 మీటర్లే! గాలి అడ్డు వల్ల ఈ దూరాలు కొంచెం తగ్గినా సంగతి మారదు. బలం పెంచినకొద్దీ బంతి బయటికే పోతుంది. పోనీ కిందికి వంచి కొడదామంటే వల అడ్డుగా ఉన్నది.

మరి పెద్ద ఆటగాళ్ళు అంత వేగంగా కొట్టి కూడా లోపల ఎట్లా పడేస్తారు? ఎత్తు ఉన్నవాళ్ళు కిందికి వంచుతారు. ఎత్తు ఉన్నా లేకపోయినా, అందరూ చేసేది మరొకటి ఉన్నది. బంతిని తిప్పుతారు. అరచెయ్యి బంతి వెనక భాగానికి, కొంచెం పైగా తగిలి, మణికట్టు ముందుకు వంగితే, బంతి పైభాగం ముందుకు దొర్లుతూ పోతుంది. అట్లా తిరిగే బంతి తన చుట్టూ ఉన్న గాలిని వెనకవైపు పైకి తోసేస్తుంది. అందుకు బదులుగా గాలి బంతిని కిందికి నెడుతుంది. 1852 లో జర్మనీకి చెందిన మాగ్నస్ అనే శాస్త్రజ్ఞుడు ఈ సంగతిని పరిశీలించి చెప్పాడు. ఆయన పేరుతోనే దీన్ని మాగ్నస్ ప్రభావం అంటారు. బంతి వల దాటిన తరువాత ముక్కు వంచి దిగేది ఇందువల్లనే.

ఇక సాధన

ఒక్క షాట్‌లో నాలుగు పనులున్నాయి: అడుగులు, ఎగరడం, చెయ్యి, వేళ. నాలుగూ ఒకేసారి నేర్చుకోబోతే నాలుగూ చెడతాయి. అక్షరాలు రాకుండా గుణింతాలు రాయబోయినట్టు అవుతుంది. కనక విడివిడిగా పట్టుకోవాలి.

మొదటి సాధన, బంతి మీద గీత. బంతి చుట్టూ చాక్‌పీసుతో ఒక గీత గియ్యండి. ఎడమ అరచేతిలో బంతిని నుదుటికన్నా పైకి ఎత్తి పట్టుకుని, కుడిచేత్తో కొట్టండి. వేళ్ళు విప్పి, అరచేయి బంతికి నిండుగా తగలాలి. గీత ముందుకు దొర్లుతూ పోతే మణికట్టు పని చేసినట్టు. గీత వంకరగా ఊగితే చెయ్యి పక్కకు తగిలినట్టు. ఎవరూ చెప్పక్కరలేదు, గీతే చెబుతుంది.

రెండవ సాధన, గోడ. బడి వెనక గోడకు నాలుగు మీటర్ల దూరంలో నిలబడండి. బంతిని ఎగరవేసి, గోడకు ఒక మీటరు ఇవతల నేలను తాకేటట్టు కిందికి కొట్టండి. అది నేలకు తగిలి, గోడకు తగిలి, మళ్ళీ మీ దగ్గరికి వస్తుంది. సగం బలంతో ఇరవైసార్లు చాలు. ఇక్కడ మోచేయిని గమనించండి. మన కోయ పల్లెల్లో విల్లు ఎక్కుపెట్టడం చూసే ఉంటారు. తాడు లాగేటప్పుడు మోచేయి భుజం ఎత్తున వెనక్కు పోతుంది. షాట్‌కు కూడా అంతే. తరువాత నడుము, భుజం, మోచేయి, మణికట్టు వరసగా ఒకదాని వెనక ఒకటి కదలాలి. జొన్నచేలో మంచె మీద నుంచి వడిసెల విసిరేవాళ్ళు చెయ్యి ఎంత తిప్పుతారు? కొంచెమే. కాని రాయి ఉన్న కొస అన్నిటికన్నా వేగంగా తిరుగుతుంది. మీ అరచెయ్యి ఆ కొస అన్నమాట.

మూడవ సాధన, ముగ్గు అడుగులు. బంతి పక్కన పెట్టండి. నేలమీద ముగ్గుపిండితో మూడు పాదాలు గీయండి: ఎడమ, కుడి, ఎడమ. ఎడమచేతి వాటం వాళ్ళు తిరగవేసి గీసుకోవాలి. మొదటి అడుగు చిన్నది, నెమ్మది. రెండవది పొడుగు, వేగం. మూడవది రెండవదాని పక్కనే వెంటనే పడాలి. రెండవ అడుగు వేస్తూ రెండు చేతులూ వెనక్కు ఊపాలి, ఎగిరేటప్పుడు రెండూ పైకి రావాలి. చేతులు ఊపకుండా ఒకసారి, ఊపి ఒకసారి ఎగిరి చూడండి. తేడా మీకే తెలుస్తుంది. దిగేటప్పుడు రెండు పాదాల మీదా, మోకాళ్ళు వంచి, చప్పుడు లేకుండా దిగాలి. పిల్లి గోడ దూకినట్టు దిగాలి, బియ్యం బస్తా పడినట్టు కాదు.

నాలుగవ సాధన, కొట్టకుండా పట్టుకోవడం. ఇదే మన అమ్మాయికి అసలైన మందు. స్నేహితురాలు బంతిని పైకి విసురుతుంది. నువ్వు అడుగులు వేసి ఎగిరి, బంతిని కొట్టకుండా, నుదుటికి ముందు పైన రెండు చేతులతో పట్టుకోవాలి. చేతులు పూర్తిగా చాచినప్పుడు బంతి దొరికితే వేళ కుదిరింది. ముఖం దగ్గర దొరికితే ముందే ఎగిరావు. తల వెనక దొరికితే ఎక్కువ దూరం పరుగెత్తావు. పదిసార్లలో ఎనిమిదిసార్లు పైన దొరికేదాకా కొట్టడం జోలికి పోవద్దు.

ఎప్పుడు బయలుదేరాలి అంటావా? బంతి కొట్టే చోటుకు రెండు మీటర్ల పైదాకా లేచిందనుకో. శిఖరం నుంచి నీ చేతికి దిగడానికి దానికి 0.6 సెకండ్లు దాటుతుంది. కనక బంతి పైకి పోతున్నంతసేపూ మొదటి అడుగుతో కాచుకుని, అది దిగడం మొదలుపెట్టగానే చివరి రెండు అడుగులు వేగంగా వెయ్యాలి. "పైకి, పైకి, ఇప్పుడు!" అని పైకే అనుకో. నోటితో అంటే కాలు వింటుంది.

ఐదవ సాధన, చెట్టు బంతి. పాత వల ముక్కలో బంతిని కట్టి, గట్టి చింతకొమ్మ నుంచి తాడుతో వేలాడదీయండి. ఎగిరితే అరచేయి అందే ఎత్తున ఉండాలి. కదలని బంతి కనక వేళతో పని లేదు. అడుగులు, ఎగరడం, చెయ్యి మూడూ ఇక్కడ కలుస్తాయి.

ఆరవ సాధన, వలతో. ఇప్పుడే వల దగ్గరికి రావాలి. మొదట వలను ఒక జానెడు దించి కట్టండి. ముందు చేత్తో విసిరిన బంతి, తరువాత ఎత్తి ఇచ్చిన బంతి. అవతలి మూలల్లో రెండు గోనెసంచులు పరిచి వాటిని గురి చూడండి. పది బంతుల్లో లోపల పడినవి ఎన్నో రోజూ రాసుకోండి. ఏడు దాటితే వలను మామూలు ఎత్తుకు కట్టండి. వలను తాకకుండా, నడిమి గీతను పాదం పూర్తిగా దాటకుండా దిగడం కూడా ఇక్కడే అలవాటు కావాలి.

ఆరు వారాలను ఇట్లా పంచుకోండి. మొదటి వారం మొదటి మూడు సాధనలు. రెండవ వారం పట్టుకోవడం, చెట్టు బంతి. మూడవ వారం దించిన వల, విసిరిన బంతి. నాలుగు, అయిదు వారాలు ఎత్తి ఇచ్చిన బంతి. చివరి వారం కొత్తది ఏమీ వద్దు. కొంచెం ఆడి, బాగా నిద్రపోండి.

భుజం ఒక్కటే, మోకాళ్ళు రెండే

నేను ఎరిగిన ఒక కుర్రవాడు ఉండేవాడు. పొడగరి, మంచి చెయ్యి. ఊరూరా పందేల పోటీలకు తిరిగి రోజుకు రెండు వందల షాట్లు కొట్టేవాడు. భుజం నొప్పి పుడితే మందు రాసుకుని మళ్ళీ ఆడేవాడు. ఏడాది తిరిగేసరికి ఆ చేత్తో బావిలోంచి బొక్కెన తోడలేకపోయాడు. మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. నొప్పి అంటే శరీరం రాసిన ఉత్తరం. చదవకుండా చించెయ్యకూడదు.

కనక నా లెక్క ఇది. మీ వయసువాళ్ళు ఎగిరి కొట్టేవి రోజుకు నలభై దాటవద్దు. వారంలో రెండు రోజులు ఎగరకుండా గోడ సాధన మాత్రమే చెయ్యండి. ఆడే ముందు కొంచెం పరుగెత్తి, చేతులు తిప్పి ఒళ్ళు వేడెక్కించండి. భుజమో, మోకాలో నొప్పి పుడితే ఆ రోజుకు ఆపండి. మరునాటికీ తగ్గకపోతే పెద్దవాళ్ళకు చెప్పి వైద్యునికి చూపించండి. మన వైపు నేల మొరపనేల. రాళ్ళు, మొద్దులు ఏరి, వాగు ఇసుక తెచ్చి వల దగ్గర పరిస్తే మోకాళ్ళు మీకు ముసలితనం దాకా దండం పెడతాయి.

కెప్టెనక్కకు, అమ్మకు

కెప్టెనమ్మా, నీకొక సంగతి గుర్తు చేస్తాను. ఊళ్ళో ఎవరి చోట వాళ్ళే నిలబడి ఆడే అలవాటు ఉండవచ్చు. కాని ఆరుగురి ఆట నియమం ప్రకారం, అవతలివాళ్ళ సర్వీసు మీద పాయింటు గెలిచి సర్వీసు మనకు వచ్చినప్పుడల్లా అందరూ ఒక్కొక్క చోటు గడియారం ముల్లు తిరిగినట్టు జరగాలి. వెనక వరసలో ఉన్నవాళ్ళు షాట్ కొట్టాలంటే, వలకు 3 మీటర్ల దూరంలో ఉన్న గీతకు వెనక నుంచే ఎగరాలి. అంటే వెనక నిలబెట్టిన పిల్ల తిరిగి తిరిగి ముందు వరసకు వస్తుంది. ఆనాడు ఆమెకు షాట్ రాకపోతే నష్టం జట్టుకే. కనక ఆమెకు బంతి ఎత్తి ఇచ్చే పని ఈ ఆరు వారాలూ నువ్వే తీసుకో. ఒకే ఎత్తున, వలకు అర మీటరు నుంచి మీటరు దూరంలో బంతిని ఎత్తి ఇవ్వడం షాట్ కొట్టడంకన్నా తక్కువ విద్య కాదు. చప్పట్లు కొట్టినవాళ్ళకు వస్తాయి గాని, పాయింటులో సగం ఎత్తి ఇచ్చినవాళ్ళదే.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఇంటిపని నేర్చుకోవడం మంచిదే, తమ్ముణ్ణి చూసుకోవడమూ మంచిదే. కాని ఆ పని ఆడపిల్ల ఒక్కతే చెయ్యనక్కరలేదు. ఈ ఆరు వారాలు సాయంత్రం ఒక గంట ఆమెకు వదలండి. ఆ గంటలో ఆమె బంతి ఒక్కదాన్నే కొట్టదు. తన తప్పును తనే లెక్క వేసుకోవడం, దిద్దుకోవడం, ఒకరు ఎత్తి ఇచ్చినదాన్ని నమ్మి ఎగరడం నేర్చుకుంటుంది. తమ్ముణ్ణి కూడా మైదానానికే పంపండి. వాడు బంతులు ఏరి ఇస్తాడు.

బిడ్డా, పోటీలో నువ్వు గెలుస్తావో లేదో నేను చెప్పలేను. ఎదుటి జట్టులో కూడా నీలాంటి పిల్లలే సాధన చేస్తూ ఉంటారు. రోజూ పదింటికి ఎన్ని లోపల పడ్డాయో రాసిన కాగితం మాత్రం నాకు పంపు. ఆ అంకెలు పెరుగుతున్నాయంటే నీ చేతికి బలం లేదన్న మాట అబద్ధమని తేలినట్టే.

ఈ నెల ప్రశ్న

మిగిలిన పిల్లలకు కూడా పని ఉన్నది. వేళ్ళ కొసలకు చాక్‌పీసు పొడి రాసుకుని, గోడ పక్కన నిలబడి చెయ్యి చాచి ఒక గుర్తు, ఎగిరి ఒక గుర్తు పెట్టండి. ఆ రెంటికీ మధ్య దూరమే మీరు ఎగిరిన ఎత్తు. ఇప్పుడు చెప్పండి: ఎగిరే ఎత్తు రెట్టింపయితే, గాలిలో ఉండే సమయం కూడా రెట్టింపవుతుందా? కారణంతో సహా రాయండి. జవాబు వచ్చే నెల.